తీసేసిన అటక మీద మా అన్న

మా అన్న ఢిల్లీలో అటక మీద ఉద్యోగం చేసేవాడు. వేళాకోళం కాదు, నిజంగా అటకే. తెల్లదొరల కాలంలో కట్టిన ఎర్రరాతి సర్కారు ఆఫీసు అది. అందులో ఒక హాలుంది. ఎంత ఎత్తంటే, లోపల తాటిచెట్టును నిలబెట్టినా మట్ట నలగదు. దొరలు పోయాక ఫైళ్లు పెరిగాయి, ఫైళ్ల వెనకాల గుమాస్తాలు పెరిగారు. అంత గాలి ఊరికే పోతోంది కదా అని ఎవరో తెలివైనవాడు సగం ఎత్తులో ఇనప దూలాలు వేయించి, వాటి మీద చెక్కలు పరిపించి, ఒక సెక్షను మొత్తాన్ని పైకెక్కించాడు. ఇనప మెట్లెక్కితే ఒక తలుపు, తలుపు పక్కన స్టూలు, స్టూలు మీద మా అన్న. అటెండరు.

ఆయన వెనకే నేనూ ఢిల్లీ వచ్చాను. ఎనిమిదో తరగతిలో లెక్కల మేష్టారికీ నాకూ పడలేదు. ఆయన బడి వదలనన్నాడు, నేను వదిలేశాను. కరోల్ బాగ్‌లో ఇడ్లీ బండి పెట్టుకున్నాను. కలెక్టర్లు కావాలని మన వైపు నుంచి వచ్చి కోచింగుల్లో చదివే పిల్లలే నా గిరాకీ. పాసైనవాళ్లు మళ్లీ బండి దగ్గరికి రారు, ఫెయిలైనవాళ్లు రోజూ వస్తారు. అందుచేత ఆ పరీక్ష ఎంత కష్టంగా ఉంటే నాకంత మంచిది.

మా అన్న ఆ స్టూలు మీదే పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. సాయంత్రం గదికి తాళం వేసేదాకా ఎవరూ గమనించలేదట. అటెండరు కదలకుండా కూర్చుంటే ఎవరికి అనుమానం వస్తుంది? మధ్యలో ఎవరో వచ్చి ఆయన ఒళ్లో ఒక ఫైలు పెట్టి, కింది సెక్షనులో ఇచ్చిరమ్మని చెప్పి కూడా వెళ్లారట. ఆ చెప్పిన మనిషి ఆ తర్వాత చాన్నాళ్లు అటు మెట్లెక్కలేదని విన్నాను.

మాది శ్రీకాకుళం వైపు. మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మనిషి బయటెక్కడో పోతే, పోయిన చోటికి ఇంటివాళ్లు వెళ్లి, ఇంటికి రమ్మని మూడుసార్లు పిలవాలి. పిలిచిన మనిషి వెనక్కి తిరిగి చూడకుండా, ఎవరితోనూ నోరు విప్పకుండా ముందు నడవాలి. ఇంటి గడప దాటేదాకా అంతే. పిలవకపోతే పోయినవాడు అక్కడే ఉండిపోతాడని మావాళ్ల నమ్మకం. దారి తెలియక కాదు, రమ్మనలేదు కాబట్టి. మా అన్న సంగతి అయితే మరీను. బెల్లు కొట్టి పిలిస్తే తప్ప స్టూలు దిగని మనిషి.

అప్పట్లో వదిన ఎంత మొత్తుకున్నా కుదరలేదు. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్నతను పాసు అడిగాడు. చనిపోయినాయనను పిలుచుకుపోవడానికి పాసు ఎవరిస్తారు? ఆ వెనకే ఆఫీసు వేరే చోటికి మారిపోయింది, భవనం చుట్టూ రేకులు కట్టేశారు. పాతదాన్ని మళ్లీ పాతదానిలా చేస్తున్నామన్నారు. మొన్న చలికాలంలో రేకులు తీసేసి, టికెట్ పెట్టి, జనాన్ని లోపలికి వదలడం మొదలుపెట్టారు.

వదినకు పిల్లలు లేరు. నా గది పక్కనే అద్దెకుండేది, నా బండికి పిండి రుబ్బేది. ఈ చలికి మోకాళ్లు ఒప్పుకోవడం లేదని, ఊళ్లో తను కట్టించుకున్న రెండు గదుల ఇంటికి శాశ్వతంగా వెళ్లిపోవడానికి సిద్ధపడింది. సామాను కట్టేసింది, రైలు టికెట్ తీయించుకుంది. అప్పుడు నా దగ్గరకొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"మరిదీ, నానెల్లిపోతే మీ అన్న ఈ ఊర్లో ఒక్కరే అయిపోతారు. ఇన్నాళ్లూ పాసు లేదన్నారు. ఇప్పుడు టికెట్ కొంటే ఎవులైనా ఎల్లొచ్చంట కదా. నన్ను ఒక్కపాలి తీసుకెల్లు."

"తీసుకెల్తాను గాని వదినా, అక్కడికొచ్చి ఏడుపు మొదలెట్టకు. టూరిస్టులు నీతో ఫొటోలు దిగుతారు."

"నువ్వు నోరు మూసుకుంటే సాలు. తిరిగొచ్చినప్పుడు మాటాడకూడదు, తెలుసు కదా. నీ వల్ల అవుద్దేటి?"

అలా మేమిద్దరం టూరిస్టులమయ్యాం.

ఆదివారం కాకుండా వెళ్లాం కాబట్టి జనం పలచగా ఉన్నారు. నేల అద్దంలా ఉంది. మెరుగు పెట్టిన ఇత్తడి గడియలు, తేనె రంగు దీపాలు, గోడల మీద ఎక్కడా వక్క మరక లేదు. సర్కారు ఆఫీసులో పాన్ మరక లేకపోతే గుడిలో విభూతి లేనట్టు ఉంటుంది నాకు. ఒక మూల ఎర్ర కోటు, నడుముకు బిళ్ల పటకా, తలపాగా పెట్టి ఒక బొమ్మను నిలబెట్టారు. పాతకాలపు బంట్రోతు అట. పిల్లలు దాని చంక కింద దూరి సెల్ఫీలు తీసుకుంటున్నారు.

వదిన దాని ముఖంలోకి చూసి, "ఈయనెవులు?" అంది.

"మీ ఆయన సీనియర్."

నవ్వలేదు. ఆవిడ దేనికోసమో వెతుకుతోంది. మా అన్న ఇంటికొచ్చి ఆఫీసు గురించి చెప్పేవాడు కాదు, ఒక్క ఏనుగు గురించి తప్ప. స్టూలు మీద కూర్చుంటే ఎదురుగా స్తంభం మీద చెక్కిన ఏనుగు తల ఉంటుందని, సరిగ్గా తన కళ్లకు కళ్లు పెట్టి చూస్తుందని, తొండం విరిగిపోయిందని చెప్పేవాడు. రోజూ వినాయకుడనుకుని దండం పెట్టుకునే కూర్చునేవాడట. కాబట్టి వదిన లెక్క ఏమిటంటే, ఏనుగు దొరికితే మొగుడు దొరికినట్టే.

పెద్ద హాల్లోకి వెళ్లగానే ఏనుగు దొరికింది. కాకపోతే అది నేల మీదున్న మనిషికి ఎదురుగా లేదు. తల వెనక్కి వాల్చి, మెడ నొప్పి పుట్టేదాకా చూస్తే, స్తంభం పైన ఎక్కడో కనపడింది. దానికి కొత్త తొండం కూడా అతికారు.

పక్కన కుర్తా వేసుకున్న గైడు అమ్మాయి ఒక గుంపుకు హిందీలో చెబుతోంది. ఈ హాలు మొదట ఇలాగే ఉండేదని, తర్వాతి రోజుల్లో మధ్యలో ఇనపతో, చెక్కతో ఒక అంతస్తు ఇరికించి దీని అందమంతా పాడుచేశారని, తాము తర్వాత చేర్చినవన్నీ జాగ్రత్తగా తొలగించి అసలు రూపానికి తెచ్చామని చెప్పింది. జనం తలలెత్తి చప్పట్లు కొట్టారు.

నేను వదినకు తెలుగులో చెప్పాను. "అటక తీసేశారు వదినా."

"తీసేస్తే మరి ఆయనెక్కడున్నారు?"

నేను తలెత్తి చూశాను. గోడల చుట్టూ, దూలాలు దూర్చిన చోట, కొత్త రాళ్లు అతికారు. పాత రాయికంటే కాస్త తేటగా ఉన్నాయి. ఆ అతుకులన్నీ ఒకే ఎత్తులో, వరసగా, హాలు చుట్టూ గీత గీసినట్టున్నాయి. ఒకప్పటి నేల అది. దాని మీద తలుపు, తలుపు పక్కన స్టూలు. ఇప్పుడక్కడ గాలి ఉంది. కిటికీలోంచి పడ్డ ఎండలో దుమ్ము ఆ ఎత్తున మెల్లగా తిరుగుతోంది. మా అన్న కూర్చున్న చోటు మా నెత్తి మీద, మనిషి చెయ్యెత్తినా అందనంత పైన, దేనికీ ఆనకుండా ఉంది. కింద చెక్క లాగేస్తే ఆయన దిగి ఉంటాడని ఎవరైనా అంటారేమో. మా అన్నను వాళ్లెరగరు. ఎవరూ పిలవందే దిగడు.

వదిన ఏనుగుకు ఎదురుగా, గాలిలో ఆ చోటికి సరిగ్గా కిందికి వెళ్లి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది. పైకి చూసి పిలిచింది.

"ఏవండీ. ఇంటికెల్దాం, రండి."

అరవలేదు. అన్నానికి పిలిచినట్టు పిలిచింది. రెండోసారి పిలిచినప్పుడు గైడు అమ్మాయి ఇటు చూసింది. మూడోసారి పిలిచాక హాల్లో మాటలు ఎందుకో వాటంతటవే తగ్గాయి. అప్పుడు పైన చెక్క కిర్రుమంది. ఆ వెంటనే ఇనప మెట్లు దిగుతున్న చప్పుడు. టక్కు, టక్కు, టక్కు. తొందర లేకుండా, ఒక్కో మెట్టూ చూసుకుని దిగుతున్నట్టు. ఆ హాల్లో ఇప్పుడు చెక్క లేదు, ఇనప మెట్లూ లేవు. పక్క గదిలో ఇంకా పని జరుగుతోందేమో, మేకులు కొడుతున్నారేమో అనుకున్నాను. ఇప్పటికీ అలా అనుకోవడానికే ఇష్టపడతాను.

వదిన వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టింది. నేను ఆవిడ పక్కనే.

మెట్రో స్టేషన్లో ఆడవాళ్ల లైను వేరు కదా. అటు లోహం కనిపెట్టే చట్రంలోంచి వదిన వెళ్లింది, అది కుయ్యిమంది. ఢిల్లీలో ఆ చట్రం గాలి వీచినా కూస్తుంది. కానీ వదిన దాటిపోయాక, వెనక ఎవరూ లేని చట్రం మళ్లీ కుయ్యిమంది. లోపలున్న పోలీసు దీదీ చేతిలోని తనిఖీ కర్రను గాలిలో ఒకసారి తిప్పి, భుజాలెగరేసి, "ఠీక్ హై" అంది. ఎవరితో అందో ఆవిడకే తెలియాలి. రైలు కిటకిటలాడుతోంది. వదినకు ఎవరో సీటిచ్చారు. ఆవిడ పక్క సీటు మటుకు అలా ఖాళీగానే ఉంది. జనం ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటున్నారు గానీ అందులో కూర్చోలేదు. ఒకతను కూర్చోబోయి, "సారీ" అని లేచిపోయాడు. నాకు నాలుక దురద పెట్టింది. మాట్లాడకూడదు.

తన గది గడప దాటాక వదిన దీపం పెట్టింది. గ్లాసుతో నీళ్లు, ఆకులో అన్నం, ఆయనకిష్టమైన ఎండుచేప వేపుడు. దీపం చుట్టూ బియ్యప్పిండి పలచగా చల్లి, పైన బుట్ట బోర్లించింది. మర్నాడు బుట్ట తీసి పిండిలో గుర్తు చూస్తారు. వచ్చిన మనిషి వచ్చినట్టు అదే సాక్ష్యం.

మర్నాడు టిఫిన్ల వేళ దాటాక బుట్ట తీశాం. పై పోర్షన్లో ఉండే ఆంటీ కూడా వచ్చింది. గుంటూరు వైపావిడ, భర్త సెంట్రల్ గవర్నమెంటులో చేసి రిటైరయ్యాడు. వదినను పంపించడానికి పులిహోర చేసి తెచ్చింది.

పిండిలో గుర్తుంది. మడమ గుర్తు. సన్నగా, కోలగా, బూటు మడమలా అంచు తేలి ఉంది.

మా అన్న పాదం చేటంత వెడల్పు. కరోల్ బాగ్ మొత్తం తిరిగినా ఆయనకు సరిపడే బూటు దొరకలేదు. జన్మంతా రబ్బరు చెప్పులే. ఆయన నడిస్తే పిల్లి నడిచినట్టుండేది, పక్కకొచ్చి నిలబడేదాకా తెలిసేది కాదు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, హాల్లో విన్న టక్కు టక్కు.

"ఎలుకై ఉంటుంది," అన్నాను. "ఢిల్లీ ఎలుకలు బూట్లేసుకున్నా ఆశ్చర్యం లేదు."

ఆంటీ నవ్వలేదు. వదిన వైపు చూసి, "పేరు పెట్టి పిలిచారా అమ్మా?" అని అడిగింది.

వదిన తల దించుకుంది. "పేరెలగ సెప్తానండి? పెళ్లయినకాడ్నుంచీ ఎప్పుడూ సెప్పలేదు. ఏవండీ అనే పిలిచినాను."

"అయ్యో. మా వైపు పేరు, ఇంటిపేరు రెండూ చెప్పి పిలుస్తారు. లేకపోతే ఎవరిని పిలిచారో వాళ్లకెలా తెలుస్తుంది?"

ఆ గదిలో చలి ముందు నుంచీ ఉన్నదే. నాకు అప్పుడు తెలిసింది. ఆ భవనంలో దొరల కాలం నుంచీ మనుషులు పనిచేశారు. మదరాసు నుంచి వచ్చిన గుమాస్తాలు, బంట్రోతులు ఎందరో ఉండి ఉంటారు. అందులో తెలుగువాళ్లూ ఉంటారు. స్టూళ్ల మీద, బల్లల దగ్గర, ఏ మూలో పోయినవాళ్లు, ఎవరూ వచ్చి పిలవనివాళ్లు. వాళ్లలో ప్రతివాడికీ ఊళ్లో ఒక ఆడది ఉండేది. ఆవిడా పేరు చెప్పేది కాదు, ఏవండీ అనే అనేది.

ఆంటీ వెళ్లిపోయాక నేను వదినతో, "పొరపాటైపోయింది. పొమ్మని చెప్పెయ్యనా?" అన్నాను.

"ఎవుల్ని? పిలిచి, ఇంటికి తెచ్చి, అన్నం పెట్టి, ఇప్పుడు పొమ్మంటామేటి?" వదిన బుట్టను మళ్లీ దీపం మీద బోర్లించింది. "ఆ పిలుపు ఇని ఎన్నాళ్లయిందో పాపం. దిగొచ్చీసినారు. ఈయన్ని నాను తీసుకెల్తాను. నువ్వెల్లి మీ అన్నని పేరెట్టి పిలు."

"నేనా? నేనూ ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు వదినా. కాళ్లిరగ్గొట్టేవోడు."

"పెళ్లానికున్నంత పట్టింపు తమ్ముడికి లేదు. పిలు."

"ఒకవేళ ఈ వచ్చింది అన్నే అయితే?"

"అయితే అక్కడ ఎవులూ పలకరు. ఊరికే తిరిగొస్తావు."

"నువ్వూ రావచ్చు కదా?"

"ఇంట్లో మనిసినెట్టుకుని నానెలగొస్తాను?"

రైలు ఆ సాయంత్రమే. మధ్యాహ్నానికి గది తాళం ఇంటాయనకు ఇచ్చేయాలి. సామానుతో తను నేరుగా నిజాముద్దీన్ స్టేషనుకు వెళ్తుంది, నేను భవనం నుంచి అక్కడికే రావాలి. బయల్దేరుతుంటే వెనకనుంచి అంది. "నీ గదికి తీసుకుపోకు సుమీ. రైలుకి తే."

రెండోసారి ఒక్కణ్నే లోపలికి వెళ్తే ఆ భవనం ఇంకోలా ఉంది. అంతా కొత్తగా ఉండడమే భయం వేసింది. మనిషి చెయ్యి తగిలి అరిగిన చోటు ఎక్కడా లేదు. మా అన్న ఎన్నేళ్లు అక్కడ వీపు ఆనించాడో పైన ఆ గోడ రాయి తళతళలాడుతోంది. హాల్లో మధ్యకు వెళ్లి నిలబడ్డాను. చుట్టూ గ్రేటర్ నోయిడా కాలేజీ పిల్లలు ఒక బస్సెడు దిగారు, పైకి చూసి ఈలలేస్తున్నారు. తల ఎత్తాను. గోడ మీద ఆ అతుకుల గీత. అన్న పేరు నోట్లో తిప్పుకున్నాను. పెళ్లి శుభలేఖల్లో చదివానే గానీ పలికిన పేరు కాదు. రాయిలా ఉంది.

పిలిచాను. మూడుసార్లు. ఇంటిపేరుతో సహా.

ఏ చప్పుడూ రాలేదు. చెక్క కిర్రుమనలేదు, మెట్లు మోగలేదు. పిల్లలు నా వైపు చూసి, నేనెవరో స్నేహితుణ్ని వెతుక్కుంటున్నాననుకుని మళ్లీ ఫోన్లలో పడ్డారు. ఎవరూ పలకలేదు. అంటే నిన్న వచ్చింది అన్నే. పిండిలోది ఎలుకే. ఎంత తేలికపడ్డానో చెప్పలేను. అయినా వెనక్కి తిరిగి చూడకుండానే నడిచాను. నమ్మి కాదు, వదిన అడుగుతుంది కాబట్టి.

మెట్రోలో కూర్చున్నాక ఒక సంగతి తట్టింది. పిలిచిన మనిషే గడప దాకా ముందు నడవాలి. గడప శ్రీకాకుళంలో ఉంది. నాకు టికెట్ లేదు, బట్టలు లేవు, రేపటి పిండికి పప్పు నానబోసి ఉంది. పైగా గడప దాకా మాట్లాడకూడదు. నేను. బడిలో మేష్టారు నోటికి గుడ్డ కట్టినా ఆగనివాణ్ని. ఎవరూ రాలేదని తెలుసు కదా, నోరు విప్పితే ఏమవుతుందని అనుకున్నాను. పక్కనున్నతణ్ని టైమెంతైందని అడగబోయాను. ఎక్కడి నుంచో ఒక వాసన తగిలింది. ఎండుచేప వాసన, మా అన్న చొక్కా వాసన. అడగలేదు.

ప్లాట్‌ఫారం మీద జనాన్ని తోసుకుంటూ పెట్టె వెతుక్కుని ఎక్కాను. వదిన కిటికీ పక్కన కూర్చుని ఉంది. పక్కన జాగా ఖాళీగా ఉంచి, సామానంతా కింద సర్దేసింది. నన్ను చూసి, "వచ్చారా?" అని అడిగింది. నేను చేతులు ఊపాను, ఏమో తెలియదన్నట్టు. నోటి మీద వేలు పెట్టుకున్నాను. ఊరిదాకా నేనూ రావాలని సైగ చేశాను. వదినకు అర్థమైంది. ముఖంలో ఏదో చిన్న నవ్వు, నన్ను చూసి జాలిపడ్డట్టు.

తర్వాత ఆవిడ చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయింది. అలాగే ఉండిపోయింది. కొంగు తల మీదికి లాక్కుంది, మెల్లగా లేచి నిలబడింది. నేను తిరగలేదు. నా వెనక చప్పుడు లేదు, ఎప్పటిలాగే.

వదిన పక్కనున్న ఖాళీ సీటు వైపు తిరిగి, చాలా మర్యాదగా అంది.

"కొంచెం జరగండి బాబూ. మా ఆయనొచ్చారు."